మూడు నదులు కలిసేచోట

నీళ్ళు తొడల దాకా వచ్చాయి, కత్తిలా కోస్తున్నాయి. కొండల మీది మంచు కరిగి నేరుగా నీ కాళ్ళ మధ్యకే పారుతోంది. అయినా గట్టెక్కకు. మట్టికి నీ వాసన అంటితే బీవర్ ఆ దరికి రాదు.

ఉచ్చు గొలుసును లోతు వైపు లాగి మేకు దిగ్గొట్టు. ఇనప రెక్కలు తొక్కిపట్టి విప్పు. నీటి అడుగున, గట్టుకి ఆనించి పెట్టు. ఇప్పుడు నడుముకున్న చిన్న కొమ్ము మూత తియ్యి. ఘాటు ముక్కుకి కొడుతుంది. అది బీవర్ గ్రంథుల్లోంచి తీసిన పసరు. పుల్లకి పూసి, ఉచ్చు పైకి వంచి గుచ్చు. రాత్రి ఆ వాసనకి వచ్చిన బీవర్ కాలు ఇరుక్కుంటుంది. భయపడి లోతుకి దూకుతుంది. గొలుసు మళ్ళీ పైకి రానివ్వదు. దాని మెత్తటి లోపలి బొచ్చు ఎక్కడో నగరంలో పెద్దమనిషి టోపీ అవుతుంది.

తుపాకి గట్టు మీదుంది. చెయ్యి చాచు. అందలేదా? దగ్గరికి లాక్కో.

ఇది 1810. మీ దుంగల కోట జెఫర్సన్, మాడిసన్ నదుల మధ్య ఉంది. గల్లాటిన్ కూడా దగ్గర్లోనే వచ్చి కలిసి మిస్సోరీ అవుతుంది. ఏప్రిల్‌లో బ్లాక్‌ఫీట్ తెగ వీరులు మీవాళ్ళ మీద పడి కొందరిని చంపారు. అప్పట్నుంచి కోట దాటాలంటే అందరికీ గుండె దడే.

ఒక్కడు మాత్రం వెళ్తున్నాడు. జార్జ్ డ్రూయార్. తండ్రి ఫ్రెంచ్ కెనడా మనిషి, తల్లి షానీ తెగ ఆవిడ. లూయిస్, క్లార్క్ పసిఫిక్ దాకా వెళ్ళిన యాత్రలో వేటగాడు, చేతి సైగలతో తెగల మధ్య మాట నడిపినవాడు. మామూలు సైనికుడికి నెలకి 5 డాలర్లిస్తే అతనికి 25 ఇచ్చారు. ఇప్పుడు ఒంటరిగా ఏటిపైకి వెళ్ళి బీవర్లతో తిరిగొస్తున్నాడు. వద్దన్నవాళ్ళకి ఒకటే జవాబు: తనలో అమెరికన్ ఇండియన్ రక్తం ఉంది, ఇండియన్లు తనని పట్టలేరు.

ఈ ఉదయం మళ్ళీ బయల్దేరాడు. వెంట ఇద్దరు వేటగాళ్ళు. వెనక ఒక గుంపు పోతోంది. వస్తావా?

వచ్చావు. అటు చూడు. గడ్డిలో ఒకడు. ఇంకొకడు. ఒంటినిండా బాణాలు, బల్లెం పోట్లు, తూటాలు.

ముందుకి పద. చప్పుడు చెయ్యకు.

డ్రూయార్.

తల లేదు. ఒళ్ళు ముక్కలైంది.

చూపు తిప్పుకోకు, నేల చూడు. గిట్టల గుర్తులు గుండ్రంగా తిరిగాయి. మళ్ళీ తిరిగాయి. గుర్రం మీదే చుట్టూ తిరుగుతూ చివరిదాకా కొట్లాడాడు. అతనెంత ధైర్యవంతుడో ఈ మట్టిలోనే కనిపిస్తోంది.

ఇంత కోపం ఎందుకని అనుకుంటున్నావు కదూ? 1806 జులైలో లూయిస్‌తో ఉన్న ముగ్గురిలో డ్రూయార్ ఒకడు. ఒక సాయంత్రం బ్లాక్‌ఫీట్ కుర్రాళ్ళతో సైగల్లో మాట్లాడింది అతని చేతులే. తెల్లవారుజామున ఆ కుర్రాళ్ళు తుపాకులు లాక్కోబోతే పెనుగులాట జరిగింది. ఒకడు కత్తిపోటుకి చచ్చాడు, ఇంకొకడు లూయిస్ తూటాకి కూలాడు. కానీ పగ దానితోనే పుట్టిందనుకోకు. మీరు వాళ్ళ శత్రువులైన క్రో తెగతో బేరాలు చేస్తున్నారు, అడగకుండా వాళ్ళ ఏట్లో బీవర్లని ఖాళీ చేస్తున్నారు. తల్లి షానీ అయినంత మాత్రాన ఈ నేల డ్రూయార్‌ది కాదు. బ్లాక్‌ఫీట్‌కి అతనూ దోచుకోవడానికొచ్చినవాడే. నాకు అతనంటే ఎంత గౌరవమున్నా, వాళ్ళ లెక్క తప్పని అనలేను.

పాతిపెట్టండి. మీరు చంపినవాళ్ళ జాడ పట్టుకుని చీకటి పడేదాకా తరిమారు. ఎవరూ దొరకలేదు.

కోటలో సామాన్లు సర్దుతున్నారు. మీ నాయకుల్లో ఒకడు, మెనార్డ్, సెయింట్ లూయిస్‌కి దిగిపోతాడట. ఇంకొకడు, హెన్రీ, కొండలు దాటి పడమటికి పోతాడట. నీ ఉచ్చులింకా నీళ్ళలోనే ఉన్నాయి. తీసుకురావాలంటే ఒక్కడివే వెళ్ళాలి, తెల్లారక ముందే.