తేనెటీగ చూపు, జ్ఞాపకశక్తి

నాయకరాజుల కాలం నుంచి మదురై, కోయంబత్తూరు ప్రాంతాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో అనేకులకు వ్యవసాయమే జీవనాధారం. మన కొబ్బరి, మునగ తోటలలో కాయ నిలవడానికి, పొద్దుతిరుగుడు చేలలో గింజ పట్టడానికి తోడ్పడే చిన్న ప్రాణి తేనెటీగ. అది పువ్వును ఎలా గుర్తిస్తుంది? అంత దూరం పోయి తన గూటికే ఎలా తిరిగి వస్తుంది? వాసన, సూర్యుని స్థానం తోడ్పడినా, కంటితో చూసి నేర్చుకోవడం, నేర్చినది గుర్తుంచుకోవడం ఇందులో ప్రధానమైనవి. ఈ శక్తి దెబ్బతింటే ఈగకే కాదు, మన పంటకూ నష్టమే.

మన ప్రాంతపు తేనెటీగలు

ఇక్కడ ముఖ్యంగా మూడు రకాలు కనిపిస్తాయి. ఎత్తైన చెట్లకు, గోపురాలకు, నీటి ట్యాంకులకు పెద్ద పట్టు పెట్టేది కొండ తేనెటీగ. తమిళంలో దీనిని మలైత్తేనీ అంటారు. పొదలలో సన్నని కొమ్మకు చిన్న పట్టు పెట్టేది కొంబుత్తేనీ. చెట్టు తొర్రలలో వరుసగా అనేక పట్లు పెట్టేది అడుక్కుత్తేనీ. పెట్టెలలో పెంచుకోవడానికి అనువైన దేశవాళీ ఈగ ఇది. కొండ తేనెటీగ వెన్నెల రాత్రులలో కూడా మేతకు పోగలదు.

కన్ను, రంగులు

తేనెటీగకు రెండు పెద్ద సంయుక్త నేత్రాలు, తలపై మూడు చిన్న సాధారణ నేత్రాలు ఉంటాయి. ఒక్కొక్క సంయుక్త నేత్రంలో సుమారు 5 వేల చిన్న కటకాలు ఉంటాయి. అయినా మన కంటికి కనిపించినంత స్పష్టంగా దానికి వస్తువులు కనిపించవు. నీలం, ఆకుపచ్చలతోపాటు, మనకు కనిపించని అతినీలలోహిత కాంతిని అది చూడగలదు. ఎరుపు మాత్రం దానికి దాదాపు నలుపుగానే తోస్తుంది.

ఈగకు రంగులు తెలుసునని నిరూపించినవాడు ఆస్ట్రియా శాస్త్రవేత్త కార్ల్ ఫాన్ ఫ్రిష్. నీలి అట్టముక్కపై చక్కెర నీరు పెట్టి ఈగలకు అలవాటు చేశాడు. తరువాత రకరకాల బూడిదరంగు అట్టల నడుమ నీలి అట్టను ఉంచితే, చక్కెర నీరు లేకపోయినా అవి నీలి అట్టపైనే వాలాయి. ఈ పరిశోధనను 1914లో ప్రచురించాడు. తేనెటీగల నృత్యభాషను కూడా వివరించిన ఆయనకు 1973లో మరి ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి లభించింది.

దూరాన్ని కొలిచే విధం

బెంగుళూరులో చదువుకొని, ఆస్ట్రేలియాలో పరిశోధన చేసిన మండయం శ్రీనివాసన్ బృందం 2000లో ఒక విశేషాన్ని వెల్లడించింది. లోపల దట్టమైన చిత్రాలు అంటించిన, 6 మీటర్లకు కొంచెం మించిన ఇరుకైన సొరంగం గుండా ఈగలను ఎగరనిచ్చారు. గూటికి వచ్చిన ఈగలు దాదాపు 200 మీటర్లు ఎగిరినట్లు నృత్యం చేసి తోటి ఈగలకు తెలిపాయి. బస్సు కిటికీలోంచి చూస్తే దగ్గరి చెట్లు వేగంగా వెనక్కి పోతున్నట్లు తోస్తుంది కదా! అలా కళ్ళముందు కదిలిపోయే దృశ్యాన్ని బట్టే ఈగ దూరాన్ని లెక్కిస్తుందన్నమాట.

2001లో మరో ప్రయోగం వెలువడింది. ద్వారం వద్ద చూపిన రంగే లోపల ఏ దారిలో ఉందో ఆ దారిని ఎంచుకోవడం ఈగలకు నేర్పారు. ఆపైన రంగులకు బదులు గీతలు చూపినా అవి సరిగానే ఎంచుకున్నాయి. 'ఒకే విధం', 'వేరు విధం' అనే భేదం సుమారు 10 లక్షల నాడీకణాలు మాత్రమే ఉన్న మెదడుకు అందింది.

రైతులు గమనించవలసినవి

కొత్తగా బయటికి వచ్చే ఈగ గూటివైపు తిరిగి, అటూ ఇటూ ఎగురుతూ చుట్టుపక్కల చెట్టు, గోడ వంటి గుర్తులను నేర్చుకుంటుంది. అందువల్ల పెట్టెను పగటిపూట 20, 30 అడుగుల దూరం జరిపితే, మేతకు పోయినవి పాత చోటికే వచ్చి తిరుగాడుతాయి. రోజుకు రెండు మూడు అడుగుల చొప్పున జరపాలి. లేదా రాత్రివేళ ద్వారం మూసి 3 కిలోమీటర్లకు మించిన దూరానికి తరలించాలి. పెట్టెలు పక్కపక్కనే ఉంటే నీలం, పసుపు, తెలుపు రంగులు వేయడం మేలు. ఎరుపు, నలుపు పక్కపక్కన ఉంటే ఈగ తేడా గుర్తించలేదు.

పురుగుమందుల విషయం మరింత ముఖ్యమైనది. 2012లో ఫ్రాన్సులో థయామెథాక్సామ్ అనే మందును ప్రాణం తీయనంత స్వల్ప మోతాదులో ఈగలకు ఇచ్చి, గూటికి దూరంగా వదిలి చూశారు. మందు తిననివాటికంటే తిన్నవి ఎక్కువ సంఖ్యలో తిరిగి రాలేదు. ఐరోపా సమాఖ్య 2018లో ఈ మందుతోపాటు ఇమిడాక్లోప్రిడ్, క్లోథియానిడిన్‌లను ఆరుబయట పొలాలలో వాడరాదని నిషేధించింది. మన దేశంలో ఈ జాతి మందులను పత్తి మొదలైన పంటలపై రసం పీల్చే పురుగులకు వాడుతున్నారు. చేలో చచ్చిన ఈగలు కనిపించనంత మాత్రాన మందు హాని చేయలేదని అనుకోరాదు. దారి మరచిన ఈగ ఎక్కడో పడి చనిపోతుంది. కాబట్టి పూత దశలో మందు మానుకోవాలి. తప్పనిసరి అయితే ఈగలు గూటికి చేరిన తరువాత, చీకటి పడే వేళ చల్లాలి. తేనె కోసం పట్టుకు నిప్పు పెట్టడం కూడా మానాలి. కోయంబత్తూరులోని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం తేనెటీగల పెంపకంలో శిక్షణ ఇస్తుంది.

పిల్లలకు ఒక ప్రయోగం

పెద్దల సమక్షంలో, కొండ తేనెటీగల పట్టుకు దూరంగా, నీలి కాగితంపై ఒక మూతలో చక్కెర నీరు పెట్టండి. ఈగలు వచ్చి పోవడం అలవాటయ్యాక దానిని తీసి, కొత్త నీలి కాగితం ఒకటి, కొత్త పసుపు కాగితం ఒకటి పరచి రెండింటిపైనా ఖాళీ మూతలు ఉంచండి. కాగితాలు కొత్తవి గనుక పాత వాసన ఉండదు. ఈగలు ఏ రంగు మీద ఎన్నిసార్లు వాలాయో పలక మీద గీతలు గీసి లెక్కించండి. మరునాడు పసుపు రంగుతో మొదలుపెట్టి చూడండి.