ముగ్గురు కమిషనర్ల కథ

ఎన్నికల సంఘం స్వాతంత్ర్యం అనగానే మన చెన్నపట్నంలో శేషన్ పేరే చెబుతారు. నాకు ముందు పేరి శాస్త్రి గుర్తొస్తారు. 1989 లోక్‌సభ ఎన్నికల ముంగిట, అక్టోబరు 16న, ప్రధాన కమిషనరుగా ఉన్న ఆ తెలుగువారి పక్కన కేంద్రం మరిద్దరిని కూర్చోబెట్టింది. 1990 జనవరి 1న కొత్త ప్రభుత్వం వారిని తీసేసింది. 1993లో శేషన్‌కూ అదే ఎదురైంది; అప్పుడు వచ్చిన ఇద్దరిలో జి.వి.జి. కృష్ణమూర్తి తెలుగువారే. 1995లో సుప్రీంకోర్టు ఆ మార్పును సమర్థించింది.

ముగ్గురుండటం తప్పని నేననను. ఒక్కరి పెత్తనం కన్నా మేలే. చిక్కల్లా నియామకంలో ఉంది. 324వ అధికరణం ప్రధాన కమిషనరు తొలగింపును కష్టం చేసింది గాని, ఎంపికను ఏలినవారికే వదిలేసింది. 2023 చట్టం పెట్టిన ఎంపిక సంఘంలోనూ ముగ్గురిలో ఇద్దరు ప్రభుత్వం వారే. పంచాయితీ పెద్దను ఒక పక్షమే ఎంచుకుంటే, తీర్పు న్యాయమైనా రెండో పక్షం నమ్మదు.