ముందు ఇల్లు కట్టిన ఏడాది చెప్పండి

ఎవరింట్లో డ్రైనేజీ జామైందని పిలిచినా నేను వెంటనే రాడ్డు బయటికి తీయను. ఈ ఇల్లు ఎప్పుడు కట్టారని అడుగుతాను. చాలామంది విసుక్కుంటారు. బాత్రూంలో నీళ్లు నిలిచి వాసన కొడుతుంటే వీడికి ఇంటి పుట్టుపూర్వోత్తరాలు కావాల్సి వచ్చాయా అన్నట్టు చూస్తారు. హైదరాబాదులో పైపుల పని చేసేవాడికి మాత్రం మొదటి ఆధారం అదే. నారాయణగూడ పాత బంగళాలోనూ, కూకట్‌పల్లిలో ఎనభైల నాటి ఇంట్లోనూ, ఊరి చివర నిన్నమొన్న కట్టిన డూప్లెక్సులోనూ నీళ్లు ఒకేలా నిలబడతాయి. కారణాలు మాత్రం మూడు రకాలు. మా నాన్నదీ ఇదే పని. పైపు ఏ కాలంలో వేశారో తెలిస్తే దేంతో చేశారో తెలుస్తుంది, దేంతో చేశారో తెలిస్తే ఎక్కడ చెడుతుందో తెలుస్తుంది అనేవాడు. నేను నేర్చుకున్న పనంతా ఆ మాట చుట్టూనే ఉంది.

ఈ నగరంలోకి నీళ్లు వచ్చిన కథ పాతది. హుస్సేన్‌సాగర్ కుతుబ్‌షాహీల నాటిది, పదహారో శతాబ్దం. కమానుల వరుసతో కట్టిన మీరాలం చెరువు పంతొమ్మిదో శతాబ్దం మొదట్లోది. వాడిన నీళ్లు బయటికి పోయిన కథ మాత్రం చాలా ఆలస్యంగా మొదలైంది. స్నానం నీళ్లు, వంటింటి నీళ్లు మోరీలోకి, మోరీల నుంచి మూసీలోకి. పాయిఖానా ఇంటి వెనక. కింద ఒక డబ్బా, వెనక సందులోకి చిన్న తలుపు. పొద్దున్నే ఒక మనిషి, ఎక్కువగా ఆడమనిషి, వచ్చి రేకుముక్కతో గీకి తట్టలోకి ఎత్తి నెత్తిన పెట్టుకుని పోయేది. ఆ పని ఎవరు చేయాలో కులమే నిర్ణయించింది. పాత ఇళ్ల వెనక గోడకు మోకాలెత్తున, ఇటుకలతో పూడ్చేసిన చిన్న చదరాలు నాకు ఇప్పటికీ కనిపిస్తుంటాయి. అవి కనిపిస్తే పనిపరంగా ఒక సంగతి తెలుస్తుంది. ఆ ఇంటిని డ్రైనేజీ కోసం కట్టలేదు. తర్వాతెప్పుడో వీధిలోకి లైను వస్తే, వెనకనున్న పాయిఖానా నుంచి ముందు వాకిలి దాకా ఇల్లంతా దాటించి పైపు వేసి ఉంటారు. అంత దూరానికి చాలినంత వాలు దొరకదు. అలాంటి ఇంట్లో జామైతే ముందు నడిమింటి కింద వెతకాలి.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేల ప్రాణాలు తీసింది. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. వరద ఆపడానికి ఆయన్ని పిలిచారని అందరికీ తెలుసు. ఆయనకు అప్పగించిన పనుల్లో నగరానికి పూర్తి డ్రైనేజీ పథకం తయారుచేయడం కూడా ఉందన్నది తక్కువమందికి తెలుసు. 1912లో నగరాభివృద్ధి బోర్డు ఏర్పడింది. 1920కి గండిపేట అని పిలిచే ఉస్మాన్‌సాగర్, 1927కి హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. నేల కింది పైపుల పని ఇంకా నెమ్మదిగా సాగింది. విశ్వేశ్వరయ్య 1922లో మళ్లీ వచ్చారు, ఆ దశాబ్దమంతా తవ్వకాలు సాగాయి, ముప్ఫైల మొదట్లో గానీ పాత నగరానికి మురుగు కాలువల వ్యవస్థ ఒక రూపానికి రాలేదు. గండిపేట నీళ్ల గొప్ప అందరూ చెప్పుకుంటారు. ఆ నీళ్లు ఇంట్లోంచి బయటికి పోవడానికి పడ్డ కష్టం గురించి ఎవరూ చెప్పుకోరు. నా లెక్కలో రెండో పని మొదటిదానికంటే కష్టమైనది. నల్లాలో నీళ్లు ఒత్తిడితో ఎత్తుకైనా ఎక్కుతాయి. మురుగు తనంతట తాను దిగాలి.

ఆ కాలపు పైపు గోధుమ రంగు స్టోన్‌వేర్ పైపు. మట్టిని గట్టిగా కాల్చి మెరుగు పట్టించినది. ఒక్కో ముక్క సుమారు రెండడుగులు, ఒక కొస వెడల్పుగా ఉంటుంది. రెండో ముక్క కొసను అందులో దూర్చి, చుట్టూ తారులో ముంచిన జనపనార పేడు కూరి, మిగిలిన సందులో సిమెంటూ ఇసుకా సమపాళ్లలో కలిపిన మాలు నింపి, బయట వాలుగా తాపీతో లాగేవారు. మాలు లోపలికి పొడుచుకు వస్తే దానికే పీచూ గుడ్డపేలికా తట్టుకుంటాయి కనుక, గుడ్డ చుట్టిన కర్రతో ప్రతి అతుకునూ లోపలి నుంచి తుడవాలి. తుడిచిన మేస్త్రీ ఎవరో, తుడవని మేస్త్రీ ఎవరో డెబ్భై ఎనభై ఏళ్ల తర్వాత కూడా రాడ్డు పెడితే చేతికి తెలుస్తుంది. ఆ పైపు ఒంటికి చావు లేదు, యాసిడ్ కూడా ఏమీ చేయలేదు. చెడేది అతుకే. ముప్ఫై అడుగుల లైనులో పదిహేను దాకా అతుకులుంటాయి. పైన లారీ తిరిగినా, పక్కన పునాది తవ్వినా ఏదో ఒకటి వెంట్రుకవాసి విచ్చుకుంటుంది. చెట్టు వేరుకు అంత చాలు.

ఒకింట్లో ఇలాగే ప్రతి ఏడూ వానలు పడ్డాక లైను నిండేది. ఆ ఇంటి పెద్దమ్మ, "మొన్ననే యాసిడ్ పోసిన బిడ్డా, రెండు రోజులు మంచిగనే పోయింది" అంది.

"పెద్దమ్మా, వాకిట్ల వేపచెట్టు ఎన్నేండ్లది?"

"నేను కాపురానికొచ్చేసరికే ఉన్నది."

రాడ్డు చాంబరు నుంచి ప్రతిసారీ ఒకే కొలత దగ్గర ఆగుతోంది. కొక్కెం వేసి తిప్పి లాగితే మూర పొడవు వేరు జడలా అల్లుకుని బయటికి వచ్చింది. ఒకే చోట, ఒకే రుతువులో పదే పదే జామైతే అది వేరు పనో, విరిగిన అతుకు పనో అయి ఉంటుంది. దాన్ని యాసిడ్ కరిగించదు. అంతమేరా తవ్వి పైపు మార్చాలి, వేరే దారి లేదు.

వాలు గురించి మా పనిలో పాత లెక్క ఉంది. పైపు ఎన్ని అంగుళాలో దాన్ని పదితో హెచ్చవేయాలి. నాలుగంగుళాల పైపు నలభై అడుగుల దూరానికి ఒక అడుగు దిగాలి. ఆరంగుళాలదైతే అరవై అడుగులకు ఒక అడుగు. నీళ్లు నింపిన సన్న గొట్టం రెండు కొసలా పట్టుకుంటే ఈ కొలత ఎవరైనా చూసుకోవచ్చు. ఇంత తేలికైన పనిని పీవీసీ వచ్చాక చాలాచోట్ల మానేశారు. పైపు తేలిగ్గా ఉంది, గమ్ము రాస్తే అతుకు పడుతోంది, అంతటితో పనైపోయిందనుకుంటున్నారు. కొత్త ఇంట్లో నెలలకే జామైతే నేను వాలునే అనుమానిస్తాను.

వాసన సంగతి వేరు. 1775లో లండన్‌లో గడియారాలు చేసే అలెగ్జాండర్ కమింగ్ అనే స్కాట్లాండు మనిషి మరుగుదొడ్డి పైపును వంచి, ఆ వంపులో ఎప్పుడూ కొంత నీరు నిలిచేలా చేసి పేటెంటు తీసుకున్నాడు. ఆ నీరే మూత. మురుగు పైపులోని గాలిని ఇంట్లోకి రానివ్వదు. మన బాత్రూం జాలీ కింద ఉండే నానీ ట్రాప్ పనిచేసేదీ ఆ సూత్రం మీదే. ఎండాకాలం ఊరెళ్లి వస్తే ఇల్లంతా కంపు కొడుతోందంటే ఆ నీరు ఎండిపోయిందని అర్థం. చెంబెడు నీళ్లు పోస్తే చాలు. నీళ్లు తొందరగా పోవాలని లోపలి గిన్నె పీకి పారేసిన ఇళ్లు నేను చాలా చూశాను. ఆ ఇళ్లలో బొద్దింకలకు రాజమార్గం ఏర్పడినట్టే. ఇక పై అంతస్తులో ఫ్లష్ కొడితే కింది బాత్రూంలో గుడగుడమంటే గాలి పైపు మూసుకుపోయిందన్నమాట. అక్కడా ఇంటి వయసే అడుగుతాను. తొంభైల తర్వాత పైన ఇంకో అంతస్తు వేసుకున్న ఇళ్లలో, స్లాబుకు అడ్డమొచ్చిందని డాబా మీది గాలి పైపును కోసి సిమెంటు పెట్టేసి ఉంటారు.

వీధి లైను లేనిచోట దిక్కు సెప్టిక్ ట్యాంకే. దాని కథ ఫ్రాన్సులో మొదలైంది. వెసూల్ ఊళ్లో లూయీ మూరాస్ అనే ఆయన 1860 ప్రాంతంలో ఇంటి మురుగు కోసం మూత బిగించిన తొట్టి కట్టించుకున్నాడు. కొన్నేళ్లకు తెరిచి చూస్తే లోపల గట్టి పదార్థం దాదాపు లేదు. 1881లో దానికి పేటెంటు వచ్చింది. సెప్టిక్ ట్యాంకు అన్న పేరు పెట్టింది ఇంగ్లండులోని ఎక్సెటర్ నగర ఇంజనీరు డొనాల్డ్ కామెరాన్, 1895 ప్రాంతంలో. ఆ తొట్టిలో పుట్టిన వాయువుతో అక్కడ దీపాలు వెలిగించారు. రెండేళ్లకే, 1897లో, బొంబాయి మాటుంగా కుష్ఠురోగుల ఆశ్రమంలో మురుగు తొట్టి నుంచి అలాగే గ్యాస్ పట్టి వాడుకున్నారు. ఈ విద్య మన దేశానికి అంత త్వరగా వచ్చింది. ఇళ్లు కట్టే మేస్త్రీల దాకా మాత్రం సగమే చేరింది.

లోపల జరిగేది ఇదీ. బరువైనది అడుగున బురదగా పేరుకుంటుంది, జిడ్డు పైన తెట్టుగా తేలుతుంది, మధ్యనున్న నీరు బయటికి పోతుంది. తెట్టు బయటికి రాకుండా వెళ్లే పైపుకు కిందికి దిగిన టీ ముక్క ఉండాలి, తొట్టి మధ్యలో అడ్డుగోడ ఉండాలి. గాలి లేకుండా బతికే సూక్ష్మజీవులు బురదను కొంత అరగదీస్తాయి. మొత్తం అరగదీయవు. రెండు మూడేళ్లకోసారి తోడించాల్సిందే. మా పనిలో తెరిచిన పాత ట్యాంకుల్లో టీ ముక్క ఉన్నవి తక్కువ. చాలావాటి మూత మీద టైల్సు పరిచేశారు, కొన్నింటి మీద వంటగదే కట్టేశారు.

నగరం చుట్టూ మల్కాజిగిరి, ఎల్.బి.నగర్, ఉప్పల్, కూకట్‌పల్లి వైపు కాలనీలు పెరిగినప్పుడు పెద్ద లైను అక్కడికి రాలేదు. ఎవరి ట్యాంకు వారిదే. ఆ మున్సిపాలిటీలన్నీ 2007లో జీహెచ్ఎంసీలో కలిశాయి. లైను వచ్చిన వీధుల్లో కొందరు ట్యాంకును వదిలేసి నేరుగా కలిపారు, కొందరు ట్యాంకు నుంచే కలిపారు. ఏది ఎలా కలిపారో ఇల్లు కొన్నవాళ్లకు ఎవరూ చెప్పరు. అందుకే ఇల్లు కొనేటప్పుడు ట్యాంకు ఎక్కడుంది, వాడుకలో ఉందా, పూడ్చారా అని అడగండి. పూడ్చకుండా వదిలేసిన ట్యాంకు మీద స్లాబు కుళ్లి మనుషులు పడిపోయే ప్రమాదం ఉంది.

హైదరాబాదులో ఇంకో చిక్కు బండరాయి. ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు ఇంకడానికి రాతిలో తవ్విన ఇంకుడు గుంత వాటిని పీల్చదు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో దీనికి తలకిందులు. అక్కడ నల్లరేగడి, పైగా అడుగుల లోతులోనే నీరు. రెండుచోట్లా ఫలితం ఒకటే, వానపడితే ట్యాంకు నిండుతుంది. ఊళ్లలో సిమెంటు వరలు దించి కట్టిన గుంతల దగ్గర బోరు ఉంటే ఆ నీళ్లు తాగొద్దని నేను గట్టిగా చెబుతాను.

జామైనప్పుడు ఎక్కడో కనుక్కోవడానికి నా పద్ధతి ఇది. ఒక్క సింకే నిలబడితే దాని ట్రాప్‌లోనే ఉంది, విప్పి జిడ్డు తీయండి. కింది అంతస్తులో అన్నీ ఒకేసారి నెమ్మదిస్తే ఇంటి బయటి చాంబరు మూత ఎత్తండి. చాంబరు పొడిగా ఉంటే అడ్డు ఇంటికీ దానికీ మధ్య ఉంది. నిండి ఉంటే ఆ అవతల, వీధి లైనులోనో ట్యాంకులోనో ఉంది. వానొచ్చినప్పుడే నిండితే డాబా నీళ్ల పైపు ఎవరో డ్రైనేజీలో కలిపారు, లేదా ఇంకుడు గుంత పనైపోయింది. యాసిడ్, బ్లీచింగ్ పౌడరు రెండూ కలిపి పోయకండి, పుట్టే క్లోరిన్ గాలి ఊపిరి తీస్తుంది.

ఇక ట్యాంకులోకి మనిషిని దించడం గురించి. అడుగు బురదలో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. మొదట కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది, మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి ఆ వాసనే తెలియదు. మనిషి అక్కడే కూలిపోతాడు, కాపాడబోయి దిగిన రెండోవాడూ పోతాడు. మా నాన్న కాలంలో వెదురు బద్దలతో, ఒక్కోసారి ఒంటితో, లైన్లు తీసేవారు. డబ్బాల పాయిఖానాలు ఆపాలని 1993లో చట్టం వచ్చింది. అది కాగితంపై ఉండిపోతే బెజవాడ విల్సన్ సఫాయి కర్మచారీ ఆందోళన్ పేరిట ఊరూరా తిరిగారు. ఆయన కోలారు బంగారు గనుల దగ్గర తెలుగు కుటుంబంలో పుట్టి, ఈ పని చేసిన తల్లిదండ్రులను చూసి పెరిగినవాడు. ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ పదవీ విరమణ తర్వాత ఆ ఉద్యమానికి అండగా నిలిచారు. 2013లో కొత్త చట్టం వచ్చింది, రక్షణ సామగ్రి లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి, మురుగు కాలువలోకి దించడం నేరమైంది. చనిపోయినవారి కుటుంబాలకు పది లక్షలివ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023లో దాన్ని ముప్ఫై లక్షలు చేసింది. ఇప్పుడు వీధుల్లో మురుగు లైన్లు తీసే ఎయిర్‌టెక్ యంత్రాలు తిరుగుతున్నాయి. తోడిన బురద ఎక్కడ పోయాలో నియమాలు పెట్టి, శుద్ధి కేంద్రం కట్టిన తొలి నగరాల్లో మన వరంగల్ ఉంది. ఆ నియమాలు 2016 నాటివి.

ఇన్ని ఉన్నా, "అన్నా, మిషను ఆలస్యమైతదట, ఎవరినన్నా దింపరాదు, రెండు వేలు ఇస్త" అనే ఫోన్లు నాకు ఇంకా వస్తున్నాయి. నేను ఒప్పుకోను, నాతో పనిచేసే ఏ పిల్లవాడినీ దింపను. మీరూ ఎవరినీ అడగకండి. ఇల్లు కడుతుంటే ట్యాంకు మూత పైకి కనిపించేలా, బండి గొట్టం చేరేలా పెట్టించండి. పైపులు ఎటు పోతున్నాయో కాగితం మీద గీయించి ఇంటి దస్తావేజులతో దాచండి. ట్యాంకు నిండితే 14420కి ఫోన్ చేయండి.