అనంతపురం కొండలలో ట్రెక్కింగ్

అనంతపురం కొండలలో ట్రెక్కింగ్ అనగా ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రములోని అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాలలో ఉన్న రాతికొండలు మరియు కొండకోటలపైకి వీపుసంచితో కాలినడకన వెళ్ళుట. ఈ రెండు జిల్లాలు 2022 ఏప్రిల్ 4 వరకు ఒకే జిల్లాగా ఉండెడివి. ఇక్కడి కొండలు అంత ఎత్తైనవి కావు. చాలా కొండలను ఒక పూటలో ఎక్కి దిగవచ్చును. అయినను నీడ, నీరు అరుదగుట వలన చలి ప్రదేశముల కొరకు వ్రాసిన సూచనలు ఇక్కడ యథాతథముగా పనికిరావు. ఈ ప్రాంతమున కొత్తవారు మొదట నేర్వవలసినది నీటి లెక్క, పిమ్మట సమయపు లెక్క.

పదము
ట్రెక్ అను మాట దక్షిణాఫ్రికాలోని ఆఫ్రికాన్స్ భాష నుండి ఆంగ్లములోనికి వచ్చినది. అక్కడ దానికి ఎద్దుబండ్లపై సాగించు దూరప్రయాణమని అర్థము. తెలుగులో కొండనడక, పర్వతారోహణ అను మాటలు వాడుకలో ఉన్నను, పర్వతారోహణ అనునది త్రాళ్ళు, మంచుగొడ్డళ్ళు వంటి సాధనములతో శిఖరములను ఎక్కుటకు ఎక్కువగా వర్తించును.

భౌగోళిక పరిస్థితులు
ఈ పీఠభూమి పడమటి కనుమల వర్షచ్ఛాయా ప్రాంతములో ఉన్నది. నైరుతి ఋతుపవనములు కనుమలు దాటునప్పటికి తేమను కోల్పోవును. తూర్పు తీరము దూరమగుటచే ఈశాన్య ఋతుపవనముల వానయు తక్కువే. సాలుసరి వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. మిగిలిన నెలలకంటె సెప్టెంబరు, అక్టోబరు నెలలలో ఎక్కువగా కురియును. పెన్నా, చిత్రావతి నదులు సంవత్సరములో చాలాకాలము ఇసుకమేటలుగానే ఉండును. కొండలు ఎక్కువగా నల్లరాతి గుండ్లు, బోడి బండలతో కూడినవి. పగలు కాగిన బండ ప్రొద్దు గ్రుంకిన తరువాత కూడ వేడి వదలదు.

ముఖ్యమైన కొండలు
* గుత్తి కోట: అనంతపురం జిల్లాలో ఉన్నది. శిఖరము సముద్రమట్టమునకు సుమారు 680 మీటర్ల ఎత్తున కలదు. 1775-76లో హైదర్ అలీ ముట్టడించినపుడు కోటలో నీరు నిండుకొనుట వలన మురారిరావు ఘోర్పడే లొంగిపోవలసి వచ్చెను.
* పెనుకొండ: శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నది. 1565 నాటి తళ్ళికోట యుద్ధము తరువాత విజయనగర రాజులకు రాజధాని అయినది. కొండ దిగువన గగన్ మహల్, కొండపైన నరసింహస్వామి ఆలయము కలవు.
* రాయదుర్గం: కర్ణాటక సరిహద్దున ఉన్న కొండకోట.
* బట్రేపల్లి: కదిరి సమీపాన తలుపుల మండలములోని జలపాతము. మంచి వానలు కురిసిన తరువాత మాత్రమే నీరు దూకును.

అనువైన కాలము
నవంబరు నుండి ఫిబ్రవరి మధ్య వరకు అనువైన కాలము. మార్చి నుండి మే వరకు ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుచుండును, ఎండుగడ్డికి నిప్పంటుకొను ప్రమాదమును ఉండును. కావున ఆ నెలలలో కొత్తవారు కొండ ఎక్కరాదు. వానాకాలమున పిడుగులు పడును, తడిసిన బండలు జారును. ఏ కాలమందైనను తెల్లవారుచుండగా బయలుదేరి, ఎండ ముదరక ముందే దిగుట ఉత్తమము.

నీటి లెక్క
చల్లని నెలలలో మనిషికి గంటకు అర లీటరు, ఎండ నెలలలో గంటకు ఒక లీటరు వరకు నీరు అవసరము. దానికి ఒక లీటరు అదనముగా చేర్చవలెను. ఉదాహరణకు డిసెంబరులో 4 గంటల నడకకు 2 లీటర్లు, అదనము 1 లీటరు, మొత్తము 3 లీటర్లు కావలెను. అదే నడకకు మార్చిలో 5 లీటర్లు, అనగా 5 కిలోల బరువు అగును. ఆ బరువు మోయలేని యెడల తగ్గించవలసినది నీరు కాదు, నడక.

* నీటిని ఒకే సీసాలో కాక రెండు మూడు సీసాలలో ఉంచవలెను. ఒకటి పగిలినను మిగిలినది ఉండును.
* దప్పిక అగు వరకు ఆగక కొంచెము కొంచెముగా త్రాగవలెను.
* తెచ్చిన నీటిలో సగము అయిపోయినచో శిఖరము ఎంత దగ్గరగా ఉన్నను వెనుదిరుగవలెను.
* కోటలలోని కోనేళ్ళు, దొనలలోని నీటిని నమ్ముకొని బయలుదేరరాదు. అవి ఎండిపోవచ్చును, లేదా పాచిపట్టి ఉండవచ్చును.

సమయపు లెక్క
స్కాట్లాండుకు చెందిన విలియం నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రము ప్రకారము 5 కిలోమీటర్ల దూరమునకు ఒక గంట, ఎక్కు ప్రతి 600 మీటర్ల ఎత్తుకు మరియొక గంట పట్టును. 3 కిలోమీటర్ల దారిలో 300 మీటర్లు ఎక్కవలసి ఉన్నచో 36 నిమిషములు, 30 నిమిషములు కలిపి 66 నిమిషములు. కొత్తవారు దీనికి సగము కలిపి సుమారు 100 నిమిషములుగా లెక్కించుకొనవలెను. దిగుటకు తక్కువ సమయము చాలునని అనుకొనరాదు. అలసిన కాళ్ళు దిగునపుడే ఎక్కువగా జారును.

దుస్తులు, పాదరక్షలు
వదులైన నిండుచేతుల నూలు చొక్కా, పొడవైన లాగు, తలకు తువాలు లేదా అంచు వెడల్పైన టోపీ ధరించవలెను. మంచుకొండలలో తడిసిన నూలుబట్ట చలి పుట్టించునని వలదందురు. ఇక్కడ ఆ గుణమే మేలుచేయును. తుమ్మ, సర్కారు తుమ్మ ముళ్ళు పలుచని అట్టలను చీల్చుకొని లోపలికి దిగును కనుక బూట్ల అట్ట మందముగా, గట్టిగా ఉండవలెను. కొత్త బూట్లను ముందుగా కొన్ని రోజులు ఊరిలో తొడిగి నడచిన పిమ్మటనే కొండకు వాడవలెను. గొర్రెల కాపరుల చేతికర్ర వంటి గట్టి కర్ర ఎక్కుటకు, దిగుటకు, పొదలను తట్టి చూచుటకు ఉపకరించును.

సంచి, సామగ్రి
ఒక పూట నడకకు సంచి బరువు శరీరపు బరువులో పదవ వంతుకు మించకుండుట మేలు. బరువైన నీటిసీసాలు వీపునకు ఆనుకొని ఉండునట్లు సర్దవలెను. తప్పనిసరి వస్తువులు:
* టార్చి మరియు అదనపు బ్యాటరీలు
* ఈల (దారి తప్పినపుడు పిలుచుటకు)
* ముల్లు తీయు చిమటా, సూది, కట్టుగుడ్డ, ఓ.ఆర్.ఎస్. పొట్లములు
* ఆ ప్రాంతపు పటము, దిక్సూచి, ఛార్జి చేసిన సెల్‌ఫోను

సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 పటములలో ఒక సెంటీమీటరు అర కిలోమీటరుకు సమానము. కొండ వెనుక భాగమున ఫోను సిగ్నలు అందకపోవచ్చును. అందుచే ఏ కొండకు, ఎవరితో, ఎన్ని గంటలకు తిరిగివచ్చునది ఇంటివారికి ముందుగా తెలుపవలెను.

ఆహారము
బొరుగులు, వేయించిన చెనిక్కాయలు (వేరుశనగ), బెల్లపు ఉండలు, నిమ్మకాయ, ఉప్పు వేసిన మజ్జిగ తగిన సద్ది. చెమటతో పోయిన ఉప్పు తిరిగి చేరకుండ నీరు మాత్రమే అధికముగా త్రాగుట మంచిది కాదు.

ప్రమాదములు, ప్రథమ చికిత్స
* వడదెబ్బ: తలనొప్పి, వాంతి, కండరముల నొప్పి మొదటి హెచ్చరికలు. అప్పుడే నీడకు చేర్చి, పడుకోబెట్టి, ఓ.ఆర్.ఎస్. నీరు ఇవ్వవలెను. మాట తడబడుట, స్పృహ తప్పుట ప్రాణాపాయ సూచనలు. వెంటనే బట్టలు వదులు చేసి, శరీరమంతయు తడిపి, విసరుచు, 108కు ఫోను చేయవలెను. స్పృహ లేనివారి నోటిలో నీరు పోయరాదు.
* పాముకాటు: ఇక్కడ నాగుపాము, కట్లపాము, రక్తపింజరి కలవు. కాటును కోయరాదు, త్రాటితో బిగించరాదు. కాటుపడిన అవయవము కదలకుండ కట్టి, విషవిరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చవలెను.
* ఎలుగుబంట్లు, చిరుతలు: ఎలుగుబంట్లు సీతాఫలముల కాలమున పొదలలో తిరుగును. వేకువ చీకటిలోను, సాయంసంధ్యలోను మాటలాడుచు గుంపుగా నడవవలెను. గుహలలోనికి పోరాదు.
* తేనెటీగలు: బండల అంచున తేనెపట్లు ఉన్నచోట పొగ పెట్టరాదు, రాళ్ళు వేయరాదు.
* గుంతలు: గుప్తనిధుల కొరకు దుండగులు త్రవ్విన గోతులు కోటలలో గడ్డి మాటున ఉండవచ్చును.

నియమములు
రక్షిత అటవీ ప్రాంతములోనికి వెళ్ళుటకు ముందు అటవీశాఖ వారి అనుమతి తీసుకొనవలెను. కోటగోడలపై పేర్లు చెక్కుట, రాళ్ళు కదల్చుట నేరము. వేసవిలో ఒక బీడీముక్క కొండనంతటిని కాల్చివేయగలదు. ఆ గడ్డియే పశువులకు, గొర్రెలకు మేత. తీసుకొనిపోయిన ప్లాస్టిక్ సీసాలను తిరిగి తీసుకొనిరావలెను.

ఇవి కూడా చూడండి
* గుత్తి కోట
* పెనుకొండ
* రాయదుర్గం
* వడదెబ్బ