కర్త ఎవరు? - కార్యాలయపు కంప్యూటరు, పెన్ డ్రైవు

'గురువు శిష్యునిచేత పాఠము చదివించెను' అన్న వాక్యంలో చదివినవాడు శిష్యుడు, చదివించినవాడు గురువు. మొదటివాడు ప్రయోజ్యకర్త, రెండవవాడు ప్రయోజకకర్త. ఏళ్ళ తరబడి పిల్లలకు బోధించిన ఈ భేదమే కార్యాలయపు కంప్యూటర్ల చరిత్రలోనూ నాకు కనిపించింది. ఆ యంత్రానికి ప్రయోజ్యకర్త ఒక్కడే తెలుసు.

అనుమతుల వ్యవస్థ పెద్ద యంత్రాల మీద పుట్టింది. 1961లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఫెర్నాండో కోర్బాటో బృందం, ఒకే కంప్యూటరును పలువురు ఏకకాలంలో వాడుకొనే పద్ధతిని ప్రదర్శించింది. ఎవరి దస్త్రాలు వారికే దక్కాలి గనుక ఆ పద్ధతిలోకి సంకేతపదం వచ్చింది. 1970వ దశకంలో బెల్ ప్రయోగశాలల యూనిక్స్, ప్రతి దస్త్రానికీ యజమాని, బృందం, ఇతరులు అని మూడు వర్గాలను, చదవడం, రాయడం, నడపడం అని మూడు హక్కులను స్థిరపరచింది.

పెన్ డ్రైవు వంశం వేరు. దానికి పూర్వికురాలైన ఫ్లాపీని ఐ.బి.ఎం. 1971లో ఎనిమిదంగుళాల ప్రమాణంలో తెచ్చింది. 1981 నాటి ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరును నడిపిన డాస్‌లో వాడుకరుల మధ్య భేదమే లేదు. కుర్చీలో కూర్చున్నవాడే యజమాని. ఫ్లాపీ మీద దస్త్రాలను అమర్చే 'ఫ్యాట్' పద్ధతిలో యజమాని పేరు రాసుకొనే చోటే లేదు. 1986లో లాహోరులో పుట్టిన 'బ్రెయిన్' వైరసు ఆ ఫ్లాపీలెక్కే దేశాలు దాటింది.

1993లో వచ్చిన విండోస్ ఎన్.టి., ఏ దస్త్రం ఎవరికి అన్న పట్టికను కార్యాలయపు బల్ల మీదికి తెచ్చింది. 2000లో పెన్ డ్రైవులు అంగళ్ళకు వచ్చాయి. వాటిలో అధికభాగం ఆ పాత ఫ్యాట్ పద్ధతిలోనివే. కాబట్టి ఎంత కట్టుదిట్టమైన దస్త్రమైనా పెన్ డ్రైవులోకి ఎక్కగానే దాని అనుమతులు గుమ్మం దగ్గరే నిలిచిపోతాయి. తాళం వేసితిని, గొళ్ళెం మరచితిని అన్నట్లే అయింది.

లోపలికి వచ్చేటప్పటి చిక్కు మరొకటి. 'ఆటోరన్' అనే సదుపాయాన్ని ఆసరా చేసుకొని, పెన్ డ్రైవు తెరవబోయిన వాడుకరిచేతనే వైరసు తనను నడిపించుకొనేది. అతని హక్కులన్నీ దానికి సంక్రమించేవి. 2001 నాటి ఎక్స్.పి.లో చాలామంది నిర్వాహకుని హోదాతోనే పని చేసేవారు గనుక ఆ హక్కులకు హద్దు లేకపోయింది. 2008లో పశ్చిమాసియాలోని ఒక అమెరికా సైనిక స్థావరంలో పెట్టిన పెన్ డ్రైవు ద్వారా ఆ సైన్యపు రహస్య జాలంలోకి సైతం పురుగు ప్రవేశించింది. ఆ నవంబరులో రక్షణశాఖ పెన్ డ్రైవులను నిషేధించి, 2010లో కొన్ని షరతులతో సడలించింది.

క్రమంగా మందు దొరికింది. విస్టా వచ్చాక, పెన్ డ్రైవు నుండి చదవడాన్ని, దానిలోకి రాయడాన్ని విడివిడిగా నిషేధించే వీలు నిర్వాహకులకు కలిగింది. 2011 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ పాత విండోసులలోనూ పెన్ డ్రైవులకు ఆటోరన్‌ను ఆపివేసింది.

ఇంత జరిగినా ఒక అన్యాయం మిగిలే ఉన్నది. ఏదైనా నష్టం జరిగితే కంప్యూటరు చిట్టాలో కనబడేది ఆ సీటులోని గుమాస్తా పేరే. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న సామెతను అడ్డుపెట్టుకొని అతణ్ణే దోషిగా నిలబెట్టడం సులభం. చిట్టా చెప్పేది ప్రయోజ్యకర్తను మాత్రమే. చేయించినవాడు ఆ చిట్టాకు అందడు.

అందుచేత నిత్యకృత్యాలకు నిర్వాహక హోదా ఇవ్వకపోవడం, కార్యాలయమే పెన్ డ్రైవులిచ్చి లెక్క రాసుకోవడం, వద్దన్నచోట పని సాగే మరో దారి చూపడం యాజమాన్యపు విధులు. ఆ విధులు నెరవేర్చని కార్యాలయానికి, గుమాస్తాకు సంజాయిషీ నోటీసు పంపే నైతికాధికారం లేదని నా అభిప్రాయం. మీ అభిప్రాయాలు కూడా తెలుపగలరు.