ఏ వైపు పైకి?
బేస్తవారిపేట మంచినీళ్ల క్యాను వెనకున్న యథార్థ గాథ

లాస్ ఏంజెలస్, 1959. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ప్రయోగశాల. పలచటి పొర మీదికి పంపు ఉప్పునీళ్లను నెడుతోంది. అవతల రాలే చుక్కల కోసం సిడ్నీ లోబ్, శ్రీనివాస సౌరిరాజన్ ఎదురుచూస్తున్నారు.

సెల్యులోజ్ ఎసిటేట్ పొర ఉప్పును ఆపుతుందని ఫ్లోరిడాలో పరిశోధకులు రీడ్, బ్రెటన్ అప్పటికే తేల్చారు. కానీ ఆ పొరలోంచి నీళ్లు దిగడమే గగనం. వీళ్లు బజారులో దొరికే పొరను వేడినీళ్లలో ఉంచి బిగించబోతే ఇంకో చిక్కొచ్చింది. ఒకసారి మంచినీళ్లు, ఇంకోసారి ఉప్పునీళ్లు. పొర అదే, ఒత్తిడీ అదే.

చివరికి గుట్టు తెలిసింది. పొర రెండు ముఖాలూ ఒకటి కావు. ఒక వైపు చిక్కటి చర్మం, దాని కింద స్పాంజిలాంటి మెత్తటి భాగం. చర్మం ఉప్పునీటి వైపు ఉంటేనే పని జరుగుతుంది. ఆ చర్మం మైక్రాన్‌లో చిన్న భాగం. అంత పలచన కాబట్టే నీళ్లు త్వరగా దిగాయి. తర్వాత ఇద్దరూ సొంతంగా పొరలు పోశారు. ద్రావణాన్ని గాజు పలక మీద పరిచి, చల్లటి నీళ్లలో ముంచి, ఆపైన వేడిచేశారు.

1965లో కాలిఫోర్నియాలోని కొయలింగా ఊళ్లో ఆ పొరలతో ప్లాంటు నడిచింది. రోజుకు సుమారు 19 వేల లీటర్లు. ఒకప్పుడు తాగునీటిని రైలు వ్యాగన్లలో తెచ్చుకున్న ఊరది.

మన బాధ అంతకన్నా పాతది. 1937లో షార్ట్ అనే పరిశోధకుడి బృందం నీళ్లలోని ఫ్లోరైడ్ తెచ్చే ఫ్లోరోసిస్‌ను నాటి నెల్లూరు జిల్లాలో నమోదు చేసింది. కనిగిరి, పొదిలి, దర్శి అప్పుడు ఆ జిల్లాలోవే. గారపళ్లు, బిగుసుకుపోయిన కీళ్లు బేస్తవారిపేట ఉన్న ఈ పడమటి సీమకు కొత్త కాదు. 2014 అక్టోబరు 2న మొదలైన ఎన్టీఆర్ సుజల స్రవంతి పథకం 20 లీటర్ల మంచినీళ్లు రెండు రూపాయలకే ఇస్తామంది.

ఇలాంటి మంచినీళ్ల ప్లాంటులో బోరు నీళ్లు ఇసుక, కార్బన్ ఫిల్టర్లు దాటి, హైప్రెషర్ పంపు తోపుతో పొర మీదికి వస్తాయి. ఇప్పటివి ఎక్కువగా పాలిఅమైడ్ పొరలు. తక్కువ ఒత్తిడికే ఎక్కువ నీళ్లిస్తాయి గానీ క్లోరిన్‌ను తట్టుకోలేవు. పొర ఆపిన ఫ్లోరైడ్ మాయమైపోదు, చిక్కబడి రిజెక్ట్ పైపులోంచి కాలవలో పడుతుంది. అక్కడ ఇంకితే మళ్లీ మన నేలలోకే.

హైదరాబాద్‌లోని ఐఐసీటీ పరిశోధన సంస్థలో ఎస్. శ్రీధర్ బృందం ఫ్లోరైడ్ గ్రామాల కోసం పొరలతో నడిచే ప్లాంట్లు రూపొందించింది. కరువు సీమలో పొర బాగుపడిందని ఎప్పుడనాలి? వంద లీటర్లు తోడితే క్యానుకెన్ని, కాలవకెన్ని అన్న లెక్క మారినప్పుడు.