ఏ ఫైలుకీ ఎక్కని మాట

పల్నాటి యుద్ధం అనగానే అందరికీ ముందు గుర్తొచ్చేది నాగమ్మే. గురజాల కొలువులో మంత్రిగా రాజ్యం నడిపిన స్త్రీని, కథ చెప్పినవాళ్లు అంత రక్తపాతానికీ మూలకారణంగా నిలబెట్టారు. 2010 నాటి సూక్ష్మరుణ సంక్షోభం గురించి వచ్చిన రాతలు చదువుతుంటే నాకు ఆమే గుర్తొచ్చింది. ఇక్కడా నింద ఆడవాళ్ల మీదికే వచ్చింది. ఆశకు పోయి నాలుగుచోట్ల అప్పులు చేశారట!

అసలు ఆ అప్పు వాళ్ల గడపలోకి ఎలా వచ్చింది? 1992లో నెల్లూరు జిల్లాలో సారా వ్యతిరేక ఉద్యమం చేసిన స్త్రీలే తర్వాత రోజుకో రూపాయి దాచుకుని పొదుపు సంఘాలు నిలబెట్టారు. పేద స్త్రీలు అప్పు ఎగ్గొట్టరన్న నమ్మకం అలా ఏర్పడింది. ఆ నమ్మకం మీదే ప్రైవేటు సంస్థలు వ్యాపారం కట్టాయి. 1998లో గుంటూరులోనే స్పందన మొదలైంది. తాకట్టు అక్కర్లేదన్నారు. కానీ ఒకామె వాయిదా కట్టకపోతే గ్రూపంతా కట్టాలి. ఇరుగుపొరుగు ముందు ఆమె పరువే తాకట్టు. వసూలు చేసే పనిలో సగం తోటి స్త్రీల చేతే చేయించారు.

నరసరావుపేట దగ్గరి పల్లెలో మా పెద్దమ్మ ఒక గ్రూపులో ఉండేది. "మిరప్పంట ఏడాదికోసారి చేతికొస్తదమ్మాయ్, వాయిదా మాత్రం వారం వారం కట్టమంటారు" అనేది. ఆ వారం గడవడానికి ఇంకో కంపెనీ దగ్గర తీసుకునేది. ఆశ అని పేరు పెట్టింది దీనికే. పంటకీ వాయిదాకీ పొంతన లేదని ఆమె ఒక్క ముక్కలో చెప్పింది. ఆ మాట ఏ ఫైలుకీ ఎక్కలేదు.

ఫైలుకెక్కిన హెచ్చరికలకు మాత్రం ఏం విలువిచ్చారు? 2006 మార్చిలో అధిక వడ్డీలు, బలవంతపు వసూళ్ల ఆరోపణలతో కృష్ణా జిల్లా అధికారులు సుమారు 50 శాఖలు మూయించారు. పద్ధతి మార్చుకుంటామని సంస్థలు మాటిచ్చాయి, వ్యాపారం మళ్లీ సాగింది. 2007లో లోక్‌సభలో పెట్టిన బిల్లు నాబార్డుకు నియంత్రణ అప్పగించింది గానీ, అందరికన్నా పెద్ద రుణదాతలైన బ్యాంకింగేతర ఆర్థిక సంస్థలను వదిలేసింది. 2009లో ఆ సభతో పాటే అదీ మురిగిపోయింది. బ్యాంకులు మాత్రం ఈ సంస్థలకిచ్చిన డబ్బును ప్రాధాన్యతా రంగం ఖాతాలో రాసుకుంటూనే ఉన్నాయి.

2010 ఆగస్టులో ఎస్‌కెఎస్ షేరు ఒక్కొక్కటి 985 రూపాయలకు అమ్ముడుపోయింది. అక్టోబరు నాటికి ఆత్మహత్యల వార్తల మధ్య రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. వసూళ్లు కుప్పకూలాయి, కొత్త అప్పులూ ఆగిపోయాయి. ఈ సంస్థల కోసం రిజర్వు బ్యాంకు ప్రత్యేక నిబంధనలు తెచ్చేసరికి 2011 డిసెంబరు వచ్చింది. ఈలోగా పెద్దమ్మ మళ్లీ పాత వడ్డీవ్యాపారి గడప తొక్కింది.

నాగమ్మను ఇవాళ మనం కొత్తగా చదువుతున్నాం. పాస్‌బుక్కులనూ, సంఘాల తీర్మానాల పుస్తకాలనూ కూడా అలా చదవాలి. అవి ఇంకా మాచర్ల, గురజాల ఇళ్లలో ట్రంకుపెట్టెల అడుగున ఉండే ఉంటాయి. చెదలు పట్టకముందే అడిగి తీసుకోవాలి. పక్కన కూర్చుని, ఏ వారం ఎక్కడ తెచ్చి ఎక్కడ కట్టారో వాళ్ల నోటితోనే చెప్పించుకోవాలి.